మంచూరియాకి కులం లేదు, మాస్టరుకి ఉంది



పోయిన భాగంలో హాస్టల్ సాంబారు గురించి రాశాను. ఈసారి చైనా వంట. నవ్వేవాళ్లు నవ్వండి గానీ చివరిదాకా రండి. ఇది నూడుల్స్‌తో మొదలై మా గూడెంలో దండెం దాకా వస్తుంది.

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. తమ్ముడనే అంటాను. ఇంటర్ తప్పి హైదరాబాదు పోయాడు. ఒక పెద్ద హోటల్లో గిన్నెలు కడగటంతో మొదలుపెట్టి, ఉల్లిపాయలు కోసి, క్యాబేజీ తరిగి, ఆరేడేళ్లకి కడాయి ముందు నిలబడే దాకా వచ్చాడు. ఆ పనికి మన దగ్గర ఒక హోదా పేరుంది, చైనీస్ మాస్టర్ అని. (మా అమ్మ నలభై ఏళ్లు వండింది, ఆమెనెవరూ మాస్టర్ అనలేదు. ఆ సంగతి ఇంకో భాగంలో.) 2020 లాక్‌డౌన్‌లో హోటల్ మూసేస్తే హైవే మీద కొంత దూరం నడిచి, కొంత దూరం లారీ ఎక్కి ఇంటికొచ్చి పడ్డాడు. తర్వాత బండి పెట్టాడు. ముందు ఒక ఊళ్లో, తర్వాత నందిగామలో. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఒక షట్టర్ గది అద్దెకు మాట్లాడుకున్నాడు. నాలుగు టేబుళ్లు పడతాయి. బండి నుంచి గదికి రావటమంటే మా ఇళ్లల్లో చిన్న సంగతి కాదు.

బోర్డు మీద ఏం రాయించాలో అడగటానికి నా దగ్గరికొచ్చాడు. "అక్కా, నువ్వు తెలుగులో డాక్టరువి గదా, మంచి పేరు చెప్పు" అన్నాడు. అంటూనే ఫోన్‌లో ఒక రెస్టారెంట్ ప్రకటన చూపించాడు. పెద్ద నగరంలోది. సంప్రదాయ కాంటనీస్ వంటకి ఆధునిక సృజన జోడించామని దాని ధోరణి. నల్లటి పళ్లెం, మధ్యలో ఎర్రగా మెరుస్తూ నాలుగు ముక్కలు, పక్కన ఒక పువ్వు. "ఇవేంటో తెలుసా అక్కా? కోడికాళ్లు" అన్నాడు. రేటు చూశాను. ఆ డబ్బుకి మా చికెన్ కొట్లో రెండు నిండు కోళ్లొస్తాయి, కాళ్లు ఊరికే ఇస్తారు. మా ఇంట్లో ఆ కాళ్లు తెచ్చుకునేటప్పుడు సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చేవాళ్లం, పైన కొత్తిమీర కట్ట పెట్టి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ ప్రకటనలో రెండు మాటలున్నాయి. సంప్రదాయం, సృజన. ఈ రెండూ ఎవరి సొత్తు?

కాంటన్ అంటే దక్షిణ చైనాలో గ్వాంగ్‌జౌ నగరానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు. ఆ ప్రాంతం గ్వాంగ్‌డాంగ్. హాంకాంగ్ వంట కూడా ప్రధానంగా ఇదే. ఆవిరి మీద ఉడికించటం, తాజా చేప, తక్కువ మసాలా, ఎక్కువ మంట మీద చిటికెలో తిప్పి తీయటం దాని గుణాలు. ఆ మంట వల్ల వచ్చే పొగ వాసన కలిసిన రుచికి వాళ్ల మాట 'వోక్ హే', అంటే కడాయి ఊపిరి. తమ్ముడికి ఈ మాట తెలియదు, ఆ పని మాత్రం వచ్చు. హై ప్రెషర్ పొయ్యి మీద కడాయిని ఎగరేసినప్పుడు మంట లోపలికొచ్చి అన్నాన్ని ముద్దుపెట్టుకుని పోతుందే, అదే.

ఇదంతా గౌరవనీయమైన భాగం. ఇంకో భాగం ఉంది. కోడికాళ్ల గోళ్లు తీసి, నూనెలో వేయించి, నీళ్లలో నానబెట్టి, మళ్లీ మెత్తగా ఉడికించి, నల్ల సోయా గింజల సాస్‌తో ఆవిరి పడతారు. దాని పేరు 'ఫీనిక్స్ పంజాలు'. ఫీనిక్స్ వాళ్ల పురాణ పక్షి. గొడ్డు కడుపు పొరను, అంటే మనం బోటిలో భాగంగా చూసేదాన్ని, అల్లం ఉల్లికాడలతో ఆవిరి పట్టి ఉదయం టీతో తింటారు. పేగులు, ఊపిరితిత్తులు, కడుపు కలిపి వీధి బండి మీద పెద్ద గుండిగలో ఉడుకుతుంటాయి, కత్తెరతో కత్తిరించి ఇస్తారు. నెత్తురు గడ్డకట్టించి ముక్కలు కోసి గంజిలో వేస్తారు. చలికాలంలో పంది, బాతు మాంసాన్ని ఉప్పు పట్టించి గాలికి వేలాడదీస్తారు. 'లాప్ మే' అంటారు దాన్ని. హాంకాంగ్ దుకాణాల ముందు వరసలుగా వేలాడుతుంటే జనం ఫొటోలు తీసుకుంటారు.

మా దండెం గుర్తొచ్చింది. గొడ్డుమాంసం సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద ఆరేసేవాళ్లం. తునకలు. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవటం నా పని. మూడో తరగతి ఎక్కాలన్నీ ఆ దండెం కింద కూర్చునే బట్టీ పట్టాను. ఎండాకాలం రెండు మూడు రోజుల్లో చెక్కలా ఎండిపోయేవి. వానాకాలం కూరలేని రోజున నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, దంచి, దోసకాయలో వేసి వండేది మా అమ్మ. గోంగూరతో ఇంకా బాగుంటుంది. మాంసాన్ని ఐసు లేకుండా నెలల తరబడి దాచుకునే విద్య అది. కూలి ఉన్న రోజు తిని, లేని రోజుకి దాచే లెక్క. గ్వాంగ్‌డాంగ్ రైతు చేసిందీ అదే పని. అతని వేలాడే మాంసానికి ఫొటోలు, మా దండేనికి ముక్కు మూసుకోవటాలు. గూడెం పక్క బాటలో పోయే జనం పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవటం నా కళ్లతో చూశాను. నా చేతిలో కర్ర ఉంది, అది కాకుల కోసం.

ఒక సంగతి చెప్పాలి. చైనాలో మిగతా ప్రాంతాల వాళ్లు కాంటన్ వాళ్ల మీద జోకులేస్తారు, నాలుగు కాళ్లున్న వాటిలో బల్లని తప్ప, ఎగిరే వాటిలో విమానాన్ని తప్ప అన్నీ తింటారని. ఎగతాళే అది. కానీ ఆ ఎగతాళి చేసినవాళ్లు కాంటన్ వాళ్లని ఊరి బయట పెట్టలేదు. బావి దగ్గరికి రావొద్దనలేదు. తిండి మీద జోకుకీ తిండి మీద శిక్షకీ ఇదీ తేడా.

ఇక సృజన సంగతి. మిషెలిన్ వాళ్ల తొలి హాంకాంగ్ గైడు, 2009 సంచికలో, లుంగ్ కింగ్ హీన్ అనే కాంటనీస్ రెస్టారెంటుకి మూడు నక్షత్రాలిచ్చారు. చైనా వంట చేసే రెస్టారెంటుకి మూడు నక్షత్రాలు రావటం ప్రపంచంలో అదే మొదలు. దాని పెద్ద వంటవాడు చాన్ యాన్ తాక్ చిన్న వయసులోనే వంటశాల పనికి కుదిరినవాడు, మా తమ్ముడి లాగే. తర్వాత బో ఇన్నొవేషన్ అనే రెస్టారెంటు నడిపిన ఆల్విన్ లియుంగ్ అనే ఆయనకీ మూడు నక్షత్రాలొచ్చాయి. ఆయన ఇంజనీరు, వంట సొంతంగా నేర్చుకున్నాడు. పాత చైనా వంటల్ని విడగొట్టి, రూపం మార్చి, 'ఎక్స్‌ట్రీమ్ చైనీస్' అని పేరు పెట్టుకున్నాడు. నాకు వీళ్ల మీద కోపమేమీ లేదు, సంతోషమే. నాకర్థమైందేంటంటే, సృజన చెయ్యాలంటే ముందు నీది సంప్రదాయమని లోకం ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత నువ్వు దాన్ని తలకిందులు చేసినా ప్రయోగమంటారు. ఒప్పుకోకపోతే నువ్వు ఎంత బాగా వండినా అది 'వాళ్ల తిండి'.

మన మంచూరియా కథ చూడండి. మంచూరియా ప్రాంతంలో ఆ వంటకం లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ వంటశాలలో, కొత్తదేమైనా పెట్టమంటే, మన అల్లం వెల్లుల్లి పచ్చిమిరపకాయలు వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్ ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. చికెన్ మంచూరియా అయింది. 1983లో ఆయన సొంతంగా చైనా గార్డెన్ పెట్టాడు. యాభై ఏళ్లలో ఆ వంటకం బొంబాయి క్లబ్బు నుంచి నందిగామ రోడ్డు పక్కకి, పెళ్లి విందులోకి, అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ల గోబీ ప్లేటులోకి వచ్చేసింది. దారిలో ఒక పని జరిగింది. కాంటనీస్ వంటకి ప్రాణం లాంటి పందిమాంసం పోయింది. గొడ్డుమాంసం పోయింది. గోబీ వచ్చింది, పనీర్ వచ్చింది, బేబీ కార్న్ వచ్చింది, 'ప్యూర్ వెజ్ చైనీస్' వచ్చింది. చైనా వంటకే ఉపనయనం చేసి లోపలికి తీసుకున్నారు మనవాళ్లు.

లోపలికి రానిచ్చారు, అది నిజం. ఎలా రానిచ్చారో తెలియాలంటే కలకత్తా తంగ్రా దాకా పోవాలి. మన బండ్ల మీద రాసుండే 'హక్కా నూడుల్స్'లో హక్కా అనేది ఒక జనసమూహం పేరు. కలకత్తాకి వలస వచ్చిన చైనావాళ్లలో కాంటన్ వాళ్లు ఎక్కువగా వడ్రంగం చేశారు. హక్కాలు చెప్పులు కుట్టారు, తోళ్లు ఊనారు. తోలు పని మన దేశంలో కులహిందువు ముట్టడు గదా. కులం లేని పరాయివాళ్లు కాబట్టి ఆ ఖాళీలో వాళ్లు తోళ్ల షెడ్లు పెట్టుకుని యజమానులయ్యారు. ఆ షెడ్లలో కూలికి పనిచేసింది ఎవరు? బీహారు నుంచి వచ్చిన చమార్లు. అంటే మా బంధువులే, భాష వేరు.

వాళ్ల బతుకూ పూలపాన్పు కాదు. 1962 యుద్ధంలో దాదాపు 3000 మంది చైనా సంతతి వాళ్లని రాజస్థాన్‌లో దేవ్లీ శిబిరంలో బంధించారు, పసిపిల్లలతో సహా. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కాలుష్యం కేసులో తోళ్ల షెడ్లని నగరం బయట బంతలాకి తరలించమంది. చాలామంది తరలిపోకుండా షెడ్లనే రెస్టారెంట్లు చేసుకున్నారు. తోలు ఊనిన చోట కడాయిలు వేలాడాయి. ఇవాళ తంగ్రా అంటే తిండికి పేరు. అదే తోలు పనిచేసిన చమారు సంగతేంటి? అతని యజమాని చేతి వంట దేశమంతా తింటోంది. అతని చేతి వంట ఇంకా అతని ఇంట్లోనే ఉంది.

మా తాతకి లంద ఉండేది. సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ, నెలల తరబడి పని. మెట్ట బావుల మీద మోటలకి తోలు తొండాలు కుట్టి ఇచ్చాడు. ఆ నీళ్లతో ఎవరి మిరపతోటలు పండాయో నేను చెప్పక్కర్లేదు. లంద పోయింది, మోట పోయింది. లంద ఉన్న స్థలంలో మాకు హోటల్ రాలేదు. చైనావాడికి వచ్చింది, మాదిగకి రాలేదు. ఇద్దరి చేతులకీ అంటింది ఒకటే వాసన.

తమ్ముడి మొదటి బండి సంగతికొస్తాను. ఊరి పేరు రాయను. మొదటి నెల బాగా నడిచింది. సాయంత్రం ఆరింటికి పొయ్యి వెలిగిస్తే పదింటిదాకా ఊపిరాడేది కాదు. ఒకరోజు ఒక పెద్దాయన ఎగ్ నూడుల్స్ తింటూ తింటూ, "రుచిగా చేస్తున్నావబ్బాయ్, ఎవరబ్బాయివి?" అన్నాడు. మెచ్చుకుంటూనే అడిగాడు. వీడు దాచలేదు, ఫలానా గూడెం, ఫలానా ఆయన మనవణ్ణి అన్నాడు. ఆయన ప్లేటు పూర్తిచేశాడు, డబ్బులిచ్చాడు, వెళ్లిపోయాడు. గొడవేం జరగలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మరుసటి వారం నుంచి పార్సిళ్లు తగ్గాయి. ఒకరికి గ్యాస్ట్రబుల్, ఒకరికి కార్తీకమాసం, ఒకరికి షుగరు. రెండో నెలలో నలభై అడుగుల దూరంలో ఇంకో బండి వచ్చింది. అక్కడ నూడుల్స్ ముద్దయిపోయేవి, అయినా జనం అక్కడే. కేసు పెట్టటానికి ఇందులో ఏముంది? ఎస్సీ ఎస్టీ చట్టం కింద ఏమని రాయాలి, నా నూడుల్స్ కొనలేదని రాయాలా?

నందిగామ వచ్చాక ఆ బాధ లేదు. హైవే ఊరు. బస్సు దిగినవాడు, కాలేజీ పిల్లలు, మిర్చి బేరగాళ్లు, సిమెంటు లారీల డ్రైవర్లు. ఎవరబ్బాయివని అడిగే తీరిక ఎవరికీ లేదు. దీన్ని చూసే మా స్నేహితుడొకాయన, మంచివాడే, వామపక్షం, నాతో వాదించాడు. "చూశారా మేడమ్, ఒకే బండి దగ్గర అన్ని కులాలూ నిలబడి తింటున్నాయి. మార్కెట్టూ పట్టణమూ కులాన్ని కరిగిస్తున్నాయి. ఇంకేం కావాలి?" అని.

కరిగిందో, కనపడలేదో తేల్చుకోవాలి గదా. బండి మీద ఎర్ర డ్రాగన్ బొమ్మ ఉంది. ఆ బొమ్మ వెనక మాదిగ కుర్రాడున్నాడు. తినేవాళ్లకి డ్రాగనే కనపడుతోంది. చైనా అనే పేరు మా వాడికి ఒక ముసుగు. ఆ ముసుగు ఉన్నంతసేపూ చేతి రుచి అద్భుతం. సొంత ఊళ్లో ముసుగు జారిన వారానికే రుచి తగ్గింది. పట్టణంలో పేరు తెలియకుండా బతికే సౌకర్యం దొరికింది, దాన్ని నేను తక్కువ చెయ్యను, అంబేద్కర్ మనల్ని ఊళ్లు వదిలి రమ్మన్నది ఊరికే కాదు. కానీ ఆ సౌకర్యాన్ని సమానత్వం అనమంటే అనలేను.

చైనాకీ మన తిండికీ ఉన్న సంబంధం మంచూరియాతో మొదలవలేదు. అయిదో శతాబ్దం మొదట్లో ఫాహియాన్ అనే బౌద్ధ యాత్రికుడు ఈ దేశమొచ్చి రాసుకున్నాడు. చండాలులు ఊరికి దూరంగా ఉంటారని, నగరంలోకి, అంగడిలోకి వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ వస్తారని, మాంసం అమ్మేది వాళ్లేనని. ఏడో శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ వచ్చాడు. ఆయన మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకం దాకా వచ్చాడు, మా చందర్లపాడు వైపు గట్టుకి నది అవతల. కసాయివాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పాకీవాళ్లు ఊరి బయట గుర్తు పెట్టిన ఇళ్లల్లో ఉంటారని ఆయన రాశాడు. పొరుగు దేశపువాడికి మొదట కనపడింది అదీ. 1948లో బాబాసాహెబ్ 'అస్పృశ్యులు' పుస్తకం రాసినప్పుడు ఈ ఇద్దరు చైనా యాత్రికుల రాతల్నీ ముందు పెట్టుకుని తూకం వేశారు. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని, బౌద్ధాన్ని వదలని, గొడ్డుమాంసం మానని జనాన్నే వెలివేశారని ఆయన నిర్ధారణ. జగ్గయ్యపేటలో ధనంబోడు మీద బౌద్ధ స్తూపం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. తమ్ముడి షట్టర్ గది ఆ ఊళ్లోనే. ఇది కాకతాళీయమే, కానీ నాకు నచ్చిన కాకతాళీయం.

ఇవన్నీ చెప్పి, బోర్డు మీద ధైర్యంగా మన పేరే రాయించరా అన్నాను. మాదిగ రుచులు అని పెట్టు, మెనూలో తునకలు పెట్టు, కోడికాళ్లు పెట్టు. చట్టం కూడా అడ్డం కాదు, 1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవుని కొయ్యొద్దంటుంది గానీ, పనికిరాని గేదెకీ దున్నకీ సర్టిఫికెట్ ఉంటే కొయ్యొచ్చంటుంది. గంటసేపు మాట్లాడాను. క్లాసు చెప్పినట్టే చెప్పాననుకుంటా.

వాడు విని, ఒకే ఒక్కటి అడిగాడు. "అక్కా, నువ్వు కాలేజీకి బాక్సులో తునకలు ఎప్పుడైనా తీసుకెళ్లావా?"

తీసుకెళ్లలేదు. ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లు. టమాటా పప్పు, బీరకాయ, దొండకాయ వేపుడు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ పండగ జరిగినప్పుడు నేనక్కడ ఎం.ఏ. చదువుతున్నాను. గొడవ జరిగి రాళ్లు పడుతున్నా నిలబడి బిరియానీ తిన్నదాన్ని. దళిత కథ మీద పరిశోధన చేసి, అందులో తిండి మీద ఒక అధ్యాయం రాసి, డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. స్టాఫ్ రూమ్‌లో నలుగురు మధ్య బాక్సు మూత తీయటానికి మాత్రం నాకు చెయ్యి రాదు. ఎవరూ వద్దనలేదు. మొదటి వారంలో ఒకామె నా బాక్సులోకి చూసి, "ఓ, మీరు కూడా పప్పేనా" అని చాలా ఆప్యాయంగా అంది. ఆ 'కూడా' అనే మాట నా బాక్సుని ఎనిమిదేళ్లు కాపలా కాసింది. నేను నా నెల జీతం మీద చేయలేని పనిని, గ్యాస్ బండ అప్పు మీద వాణ్ణి చేయమంటున్నాను.

పిన్ని అప్పటిదాకా వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తకుండానే, "కంచికచర్ల మీకు గుర్తులేదు, మీరు పుట్టలేదు" అంది.

కంచికచర్ల నందిగామకి పక్కనే, అదే హైవే మీద, బెజవాడ వైపు. 1968లో అక్కడ కోటేశు అనే దళిత పాలేరుని ఇత్తడి సామాను దొంగిలించాడని నెపం పెట్టి సజీవ దహనం చేశారు. దేశమంతా గగ్గోలెత్తింది. పిన్ని అప్పుడు చిన్నపిల్ల. ఆ కబురు గూడేనికి వచ్చిన రాత్రి వాళ్ల నాన్న ఇంట్లో ఉన్న ఒకే ఒక ఇత్తడి చెంబుని, సొంత డబ్బుతో కొన్నదాన్ని, గుంట తీసి పాతిపెట్టాడట. "గిన్నె పేరుకే మనిషిని తగలబెట్టారు. గిన్నెలో కూర పేరు బోర్డు మీద రాయిస్తారా?" అంది.

ఇది యాభై ఏళ్ల కిందటి భయమని నేను అనబోయాను. అనలేదు. గొడ్డుమాంసం ఉందన్న అనుమానం మీద 2015లో దాద్రిలో అఖ్లాక్‌ని కొట్టి చంపింది ఫ్రిజ్‌లున్న కాలంలోనే గదా. పిన్నికి పేపరు చదవటం రాదు, కానీ ఆమె లెక్క తప్పు కాదు.

అందుకని ఇక్కడ నా అభిప్రాయం మార్చుకుని రాస్తున్నాను. ముసుగు తీసెయ్యమని వాడికి చెప్పే హక్కు నాకు లేదు. ముసుగు ఎందుకు అవసరమవుతోందని అడగాల్సింది వాణ్ణి కాదు, ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్లని. కోడికాళ్లకి ఫీనిక్స్ అని పేరు పెడితే ఫొటో తీసుకునే చదువుకున్న మిత్రుల్ని అడుగుతున్నాను. మీకు నచ్చినది ఆ రుచా, ఆ దూరమా? హాంకాంగ్‌లో గొడ్డు పేగులు తినొచ్చి 'స్ట్రీట్ ఫుడ్ అనుభవం' అని రాసుకునేవాళ్లు, మీ ఊరి గూడెంలో ఒక్కపూట తిన్నారా? తినకపోతే పోయె, మీ ఊరి గూడెం కుర్రాడు చేసిన గోబీ మంచూరియా, వాడి తాత పేరు తెలిసిన తర్వాత కూడా తింటారా? బీఫ్ తినమని మిమ్మల్నెవరూ బతిమాలట్లేదు. క్యాబేజీ దగ్గరే ఆగిపోయాం మనం.

గంజి సంగతి చెప్పి ముగిస్తాను. కాంటన్ వాళ్లకి ప్రాణమైన పొద్దుటి తిండి బియ్యం జావ. వాళ్లు 'జుక్' అంటారు. ప్రపంచమంతా, పెద్ద హోటళ్ల మెనూల్లో, దాన్ని 'కాంజీ' అంటారు. ఆ మాట చైనాది కాదు. తమిళ కంజి, మన గంజి. పోర్చుగీసు వాళ్లు మన తీరంలో నేర్చుకుని ఇంగ్లీషుకి అందించారు. పాలేర్లకి ముంతలో పోసిన గంజి ఓడెక్కి పోయి, చైనా పింగాణీ గిన్నెలో కూర్చుని, మన పెద్ద నగరాలకి తిరిగొచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు తమ్ముడి మొహం వెలిగింది. నా ఉపన్యాసం మొత్తంలో వాడికి పనికొచ్చింది ఇదొక్కటే.

మొన్న ఆదివారం ఇంట్లోనే ప్రయోగం చేశాడు. బియ్యాన్ని పొద్దున్నుంచి సన్న సెగ మీద చెదిరిపోయేదాకా ఉడికించాడు, కాంటన్ పద్ధతిలో. కోడికాళ్ల గోళ్లు నేను తీశాను, వేయించి నానబెట్టి ఉడికించటం వాడు చేశాడు, నల్ల సోయా గింజలు దొరక్క గోంగూర గుజ్జు వేశాడు. పిన్ని డబ్బాలోంచి నాలుగు తునకలు తీసి ఇచ్చింది. వాటిని కాల్చి, సన్నగా చీరి, అల్లం ముక్కలతో కడాయిలో ఒక్కసారి మంట మీద ఎగరేసి, గంజి మీద చల్లాడు. పైన ఉల్లికాడలు. హోటల్లో తునకల బదులు చికెన్ చీలికలు వేస్తాడట, అడిగినవాళ్లకి మాత్రం లోపల్నుంచి ఇదీ తెస్తాడట. ఎవరు అడుగుతారో వాడికి తెలుసు.

పిన్ని తిని, ఉప్పు చాల్లేదంది.

మెనూలో మొదటి పేరు 'గంజి' అని తెలుగులో రాయిస్తాడు. బోర్డు మీద డ్రాగన్ ఉంటుందట, డ్రాగన్ పక్కన ఏం పేరో ఇంకా తేలలేదు. పెయింటర్ అడ్వాన్సు తీసుకున్నాడు, బుధవారం వస్తానన్నాడు. సోమవారం నుంచి కాలేజీ. డబ్బాలో ఇంకా ఆరు తునకలున్నాయి, పిన్ని వాటిని కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. అడుగున కాదు, పైనే.